పిస్తోలు మీద బొట్టు

2024 అక్టోబరు 11, శుక్రవారం. మహర్నవమి. రెడ్‌మండ్. ఉదయం నుంచి సన్నటి వాన.

హాజరు: నేను, నా భార్య, మా వియ్యంకుడుగారు, వియ్యపురాలు, ఏడో నెల గర్భిణి అయిన మా కోడలు. మా అబ్బాయి ఆఫీసు పని మీద సన్నీవేల్ వెళ్ళాడు కనుక లేడు. వియ్యంకుడుగారి పిస్తోలుకి కూడా ఆ రోజు హాజరు వేశాను.

డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. పందొమ్మిదో ఏట హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో, పనిముట్లు తయారుచేసే టూల్‌రూంలో చేరినప్పుడు మా ఫోర్‌మన్ నేర్పిన పద్ధతి ఇది. ముందు తేదీ, తర్వాత వాతావరణం, తర్వాత ఎవరెవరున్నారు. “తేడా ఎందుకొచ్చిందో తర్వాత. ముందు ఎవరున్నారో తెలియాలి,” అనేవాడాయన. ఆ తర్వాత అమెరికా వచ్చి, విమానాల విడిభాగాలు చేసే షాపులో ఇరవై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒకరు చేసిన వస్తువుని కొలిచి, పాస్ అనో రిజెక్ట్ అనో ముద్ర వెయ్యడమే నా ఉద్యోగం. తేడాకి కారకుడి గడిలో నా పేరు నేనే రాసుకోవలసి వచ్చింది మాత్రం ఆ నవమి పేజీలోనే.

మా వియ్యంకుడుగారి ఇల్లు మాకు కారులో పది నిమిషాల దూరం. ఆయన నాకంటే మూడేళ్ళు చిన్న. నాలుగేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురిని మా అబ్బాయికి చేసుకున్నాం. ఆయన తండ్రి రాయలసీమలో ఒక జిల్లా పోలీసు లైన్లలో ఆర్మరర్. అంటే తుపాకులు కాల్చే ఉద్యోగం కాదు. వాటిని శుభ్రం చేసి, మరమ్మతు చేసి, పొద్దున నంబరు చూసి అప్పగించి, సాయంత్రం నంబరు చూసి తిరిగి తీసుకునే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళు ఇతరుల తుపాకులకు నూనె పూసిన మనిషి. ఏడాదికోసారి, దసరాకి ఆయుధ పూజ నాడు మాత్రం, ఇంట్లో వాళ్ళని ఆయుధాల గది లోపలికి రానిచ్చేవారట. గోడవారగా రైఫిళ్ళు, వాటి ముందు గుమ్మడికాయ, కొబ్బరికాయలు. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ముట్టుకుంటే వీపు విమానం మోతే.

“అప్పటి నుంచీ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను బావగారూ,” అని ఆయన ఎన్నోసార్లు అన్నారు. “వీసా మీదున్నన్నాళ్ళూ ఇక్కడి చట్టం ముట్టుకోనివ్వలేదు. సిటిజన్‌షిప్ వచ్చాక మీ చెల్లెలు ముట్టుకోనివ్వలేదు.”

నా చెల్లెలంటే ఆయన భార్య. వరసకి నేను ఆవిడని చెల్లెమ్మా అంటాను.

రిటైరయ్యాక ఆవిడని ఎలా ఒప్పించారో తెలియదు, పక్క రాష్ట్రంలో ఒంటరిగా పనిచేసే ఒక ముసలి తుపాకి పనివాడికి ఆర్డరిచ్చారు. ఆ మనిషి ఏడాదికి ఆరు పిస్తోళ్ళకు మించి చెయ్యడు. నాలుగేళ్ళు ఆగాలి. ధర పద్దెనిమిది వేల డాలర్లు. అది వచ్చిన రోజున, రెండేళ్ళ కిందట, నాకు ఫోను చేశారు.

“బావగారూ, మీ కొలతల సామాను తీసుకుని రండి.”

వెళ్ళాను. వేలిముద్ర పడినా పాడవుతుందని ముందు చేతికి తెల్ల గ్లౌజులిచ్చారు. పిస్తోలు పై భాగం ముందుకీ వెనక్కీ జరుగుతుంది, దాన్ని స్లైడ్ అంటారు. దానికీ కింది భాగానికీ మధ్య సందు కోసం నా దగ్గరున్న అతి పల్చటి రేకు పెట్టి చూశాను. దూరలేదు. అయినా వేలితో నెడితే చప్పుడు లేకుండా జరిగింది. పిడి ముందు వైపు చేత్తో కోసిన సన్నటి గళ్ళున్నాయి. భూతద్దం పెట్టి వరసలు లెక్కపెట్టాను. ఒక్క గీత కూడా గట్టు దాటలేదు. ఉక్కు మీద నీలం కలిసిన నలుపు మెరుగుంది. అది రంగు కాదు. ఉక్కుకి కావాలని పదిసార్లు తుప్పు పట్టించి, ప్రతిసారీ ఆ తుప్పుని మరిగే నీళ్ళలో నల్లబరచి, రుద్ది రుద్ది తెచ్చిన పొర. అందులో నా ముఖం కనిపించింది.

“ఏమంటారు ఇన్‌స్పెక్టరుగారూ?”

“పని పాస్. ధర రిజెక్ట్.”

“అదేం?”

“ఫ్యాక్టరీలో చేసింది వెయ్యి డాలర్ల లోపు దొరుకుతుంది. అదీ పేలుతుంది, ఇదీ పేలుతుంది. అసలు దీన్ని కాల్చారా మీరు?”

“అమ్మో! ఒక్క తూటా కాల్చినా ధర పడిపోతుంది.”

“అంటే వాడితే విలువ పోయే పనిముట్టు. మా టూల్‌రూంలో ఇలాంటిది కావాలని ఎవరైనా అడిగితే, ముందు వాణ్ణి డాక్టరుకి చూపించేవాళ్ళం.”

“అక్కయ్యగారి పట్టుచీరలు బీరువాలో ఎన్నేళ్ళ నుంచి మడతల్లో ఉన్నాయండీ? అవి పనిముట్లు కావా?” అని నవ్వి, మళ్ళీ ఆయనే అన్నారు. “మీరు కొలిచింది సైజు బావగారూ. నేను డబ్బిచ్చింది చేతికి.”

ఆ మాట నన్ను వదల్లేదు. మా టూల్‌రూంలో ఒక ఫిట్టరు ఉండేవాడు. రెండు ఉక్కు పలకలను చేత్తో గీకి గీకి, ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుపోయి రానంత చదును చేసేవాడు. జీతం నాకంటే తక్కువ. రిటైరైన రోజున అందరం చందా వేసుకుని గోడ గడియారం ఇచ్చాం. అతని చేతి కోసం ఎవరైనా నాలుగేళ్ళు ఆగి ఉంటే ఎలా ఉండేదో అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. కానీ ఆ సంగతి వియ్యంకుడుగారికి ఎప్పుడూ చెప్పలేదు. కలిసినప్పుడల్లా “మీ పట్టుచీర ఎలా ఉంది?” అని ఎగతాళి చేస్తూనే వచ్చాను. ఆ తర్వాత నా మీద నాకే అనుమానం రావడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం మా కోడలు చెప్పిన మాట. తొలి కాన్పు కనుక పురుటికి పుట్టింటికి వెళ్ళాలి. చెల్లెమ్మ మేడ మీద గది సర్దడం మొదలుపెట్టింది. వేసవిలో ఒక ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు కోడలు చెప్పేసింది.

“నాన్నా, గన్ ఉన్న ఇంట్లో బేబీని పెట్టను. దీంట్లో నెగోషియేషన్ లేదు.”

“సేఫ్‌లో ఉంటుందమ్మా. ఇంట్లో ఒక్క తూటా కూడా లేదు, తెలుసుగా.”

“స్కూల్లో మాకు డ్రిల్ ఉండేది, ఎవరైనా గన్‌తో వస్తే ఏం చేయాలో. లైట్లు ఆపేసి, డోర్ లాక్ చేసి, డెస్క్ కింద కూర్చోవాలి. సెకండ్ గ్రేడ్ నుంచి చేశాను. నువ్వు చేయలేదు నాన్నా.”

పిస్తోలు ఆ ఇంట్లోంచి వెళ్తేనే కోడలు పుట్టింటికి వెళ్తుంది, లేకపోతే మా ఇంట్లోనే ఉండిపోతుంది. అదీ తేలిన సంగతి. చెల్లెమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. మనవడో మనవరాలో మొదటి నెలలు మా ఇంట్లోనే గడుపుతారని నాకు మాత్రం లోపల సంతోషం వేసింది. సిగ్గు లేకుండా డైరీలో అది కూడా రాసుకున్నాను.

వియ్యంకుడుగారు నెల రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత అమ్మకానికి పెట్టారు. స్పోకేన్ నుంచి ఒక రిటైరైన డెంటిస్టు ఫోను చేశాడు. పిస్తోలు చేసిన ముసలాయనకి చేతులు వణుకుతున్నాయట, కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేశాడట. అందుకని ధర పెరిగింది. మచ్చ లేకుండా, కాల్చకుండా ఉంటే ఇరవై రెండు వేలు ఇస్తానన్నాడు. శనివారం, దశమి నాడు, పొద్దున పదింటికి వచ్చి చూస్తానన్నాడు.

“ఇప్పుడు మీ ముద్ర మార్చండి బావగారూ,” అన్నారు వియ్యంకుడుగారు ఫోనులో. గొంతులో గెలిచిన ఉత్సాహం లేదు. “ఒక్కటి మాత్రం ఖాయం. పెట్టిన దానికి ఒక్క డాలరు తగ్గినా ఇవ్వను. ఆ చేతిని అవమానించినట్టవుతుంది. వెళ్ళే ముందు ఒక్క దసరా పూజ చేయించుకుని వెళ్ళాలి అది. మీరు రండి.”

అలా ఆ శుక్రవారం నాలుగింటికి అందరం వాళ్ళింట్లో చేరాం. కింది అంతస్తులో కోట్లు తగిలించుకునే చిన్న గదినే వాళ్ళు పూజగదిగా మార్చుకున్నారు. దానికి తాళం ఉంది. ముక్కాలి పీట మీద ఎర్ర గుడ్డ పరిచి, కొలతలకి వాడే నా మైక్రోమీటరు పెట్టె, చెల్లెమ్మ కుట్టు కత్తెర, కత్తిపీట, రెండు కార్ల తాళాలు పెట్టాం. కోడలు హాల్లో సోఫా మీది నుంచి లేవలేదు.

“అమ్మా, నా లాప్‌టాప్ దానికి దూరంగా పెట్టు.”

“పక్కన పెడితే నీ లాప్‌టాప్ పేలుతుందేమిటే?” అన్నారు వియ్యంకుడుగారు.

“ఆఫీసులో అందరూ దానికోసమే వెయిట్ చేస్తున్నారు నాన్నా.”

ఆయన సేఫ్ తెరిచి పిస్తోలు తెచ్చారు. ఖాళీగా ఉందని నాకు చూపించి, పట్టుగుడ్డ మీద పెట్టారు. ఎప్పుడూ దాని మీద ఉండే పల్చటి నూనె తడి ఆ రోజు లేదు.

“నూనె పూయలేదా?”

“పూజకి కదా, తుడిచేశాను,” అన్నారు. “పెద్దవారు మీరే. బొట్టు మీరే పెట్టాలి.”

టూల్‌రూంలో ఏళ్ళ తరబడి చేసిన పనే. ఉంగరపు వేలితో తడి గంధం, దాని మీద కుంకుమ. లేతు మిషన్లకీ మిల్లింగు మిషన్లకీ ఎన్ని పెట్టానో. అవన్నీ నూనె కారుతూ ఉండేవి. ఏ బొట్టూ ఏ మిషన్‌నీ ఏమీ చెయ్యలేదు. నా మైక్రోమీటరుకి మాత్రం అలవాటుగా చెక్కపెట్టె మీద పెట్టాను. కత్తెరకి పిడి మీద. పిస్తోలు దగ్గరికి వచ్చేసరికి వేలు నేరుగా స్లైడ్ మీదికి, అద్దంలా మెరిసే ఆ చదును మధ్యకి వెళ్ళింది.

“నిండుగా పెట్టండి, ఆఖరి దసరా దానికి,” అంది నా భార్య. కుంకుమ మా ఇంటిదే. బజారు కుంకుమ పడదని ఆవిడ తనదే తెచ్చింది. నిండుగా పెట్టాను. తలెత్తి చూస్తే వియ్యంకుడుగారు నా వేలి వైపే చూస్తున్నారు. ఏమీ అనలేదు.

హారతి అయ్యాక చెల్లెమ్మ అంది: “రేపు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ దేన్నీ కదపకూడదు.” కోడలు కూడా ఆ రాత్రి లాప్‌టాప్ వదిలేసుకోవడానికి ఒప్పుకుంది. వియ్యంకుడుగారు గదికి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నారు.

ఆరున్నరకి మేం ముగ్గురం ఇల్లు చేరాం. కోడలు పడుకుంది. నేను డైరీ తీశాను. హాజరు రాశాను, పూజ రాశాను. కలం పట్టుకున్న చేతి ఉంగరపు వేలు ఇంకా ఎర్రగానే ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు.

“ఇంట్లో చేసింది అంత త్వరగా పోతుందా?” అంది నా భార్య. “ఇంత నిమ్మరసం తాగిన పసుపది.”

కలం ఆగిపోయింది. శ్రావణమాసపు పేజీలు వెనక్కి తిప్పాను. ఒక శనివారం కింద నా చేతి రాతే ఉంది. ‘కుంకుమ తయారీ. పసుపుకొమ్ములు, పటిక, వెలిగారం. నిమ్మకాయలు ముప్ఫై. పిండింది నేను.’

నిమ్మరసం, పటిక. రెండూ తడి తగిలితే ఉక్కు మీది నల్లపొరని తినేవే. టూల్‌రూంలో తుప్పు వదలగొట్టడానికి మేం వాడిన ద్రావకాలు వీటికి అన్నదమ్ములు. తడి గంధంలో కలిపి, నూనె లేని ఉక్కు మీద, నిండుగా పెట్టి వచ్చాను. రేపు పొద్దుటిదాకా కదపకూడదు. పదింటికి మచ్చ లేదని చూసుకోవడానికి మనిషి వస్తాడు.

ఊహ మీద కంగారు పడకూడదు, కొలిచి చూడాలి అనుకున్నాను. గరాజులోకి వెళ్ళి, గోడకి కన్నాలు వేసే డ్రిల్ బిట్ ఒకటి, ఎప్పుడూ వాడనిది, తీశాను. దాని మీదా అలాంటి నల్లపొరే ఉంటుంది, కాస్త ముతకది. నూనె తుడిచి, గంధం తడిపి, అదే కుంకుమతో బొట్టు పెట్టాను. అప్పుడు టైము ఏడూ ఐదు. అరగంటకి తుడిచి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ పెట్టాను. ఎనిమిదింటికి బొట్టు అంచు చుట్టూ బూడిద రంగు గీత కనిపించింది. ఎనిమిదిన్నరకి కాఫీ మరకలా గోధుమరంగు మచ్చ తేలింది. గుడ్డతో రుద్దాను, గోరుతో గీకాను. పోలేదు.

నా భార్యకి చూపించాను.

“నా కుంకుమనంటారేమిటండీ! నలభై ఏళ్ళుగా ముత్తైదువుల నుదుట పెడుతున్నాను. ఒక్కరికీ తుప్పు పట్టలేదు.”

“నుదురు ఉక్కు కాదు కదా.”

ఆవిడ డ్రిల్ బిట్‌ని వెలుతురులో తిప్పి చూసింది. ముఖం మారింది. “చెప్పండి ఆయనకి. కానీ ఉద్వాసన కాకుండా కదపమని మాత్రం చెప్పకండి. పిల్లకి ఏడో నెల.”

ఆ మాటకి నేను నవ్వాల్సిన మనిషిని. నవ్వు రాలేదు. పక్క గదిలో కోడలు నిద్రపోతోంది.

ఫోను చేస్తే చెల్లెమ్మ ఎత్తింది. “అన్నయ్యగారూ, మేడ మీద గదికి కర్టెన్లు తెచ్చాను. పసుప్పచ్చవి. రాడ్ ఒకటి బిగించాలి, అంతే. రేపు ఆ పని అయిపోతే అమ్మాయి ఆదివారం సామాను తెచ్చుకుంటానంది.” ఆవిడ గొంతులో అంత వెలుగు ఈ మధ్య వినలేదు. ఆవిడకి చెప్పలేకపోయాను. వియ్యంకుడుగారిని పిలవమన్నాను.

“బావగారూ, ఆ పిస్తోలు మీది బొట్టు...”

“పొద్దున చూద్దాం,” అన్నారు ఆయన మధ్యలోనే.

“అది కాదు, ఇప్పుడే తుడిస్తే...”

“నవమి నాడు పెట్టింది దశమి నాడే తియ్యాలి. మా నాన్న రూలు. పొద్దున రండి.” పెట్టేశారు.

మళ్ళీ చెయ్యలేదు. చెయ్యాల్సింది. కారెక్కి వెళ్ళినా పది నిమిషాలే. కానీ నన్ను పట్టుకున్నది మచ్చ భయం ఒక్కటే కాదు. నా పనిముట్టుకి పెట్టె మీద పెట్టిన మనిషిని ఆయన పనిముట్టుకి ఉక్కు మీద ఎందుకు పెట్టాను? రెండేళ్ళుగా ఎగతాళి చేసిన వస్తువు, ఇరవై రెండు వేలకు అమ్ముడుపోయి నన్ను ఓడించబోతున్న వస్తువు. అది అమ్ముడుపోకపోతే పసిబిడ్డ మా ఇంట్లో ఉంటుంది. వేలు తెలియక వెళ్ళిందా, తెలిసే వెళ్ళిందా? నలభై ఏళ్ళు ఇతరుల తప్పులకి కారణం రాశాను. నా వేలికి కారణం రాయలేకపోయాను. ఆ పేజీలో ఆ గడి ఖాళీగా ఉంచి లైటు ఆర్పాను. నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఏడున్నరకి, డ్రిల్ బిట్‌ని జేబురుమాలులో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాన ఆగలేదు. వియ్యంకుడుగారే తలుపు తీశారు. స్నానం చేసి, పంచె కట్టుకుని ఉన్నారు. కళ్ళు చూస్తే ఆయనా నిద్రపోలేదని తెలుస్తోంది. చెల్లెమ్మ వంటింట్లో ఉంది. పూజగది తాళం తీసి, దీపం వెలిగించి, ఉద్వాసన చెప్పి, పీటని మూడుసార్లు కదిపారు. తర్వాత మెత్తటి గుడ్డ తీసుకుని స్లైడ్ మీది బొట్టు తుడిచారు. తొందర పడలేదు.

కింద మచ్చ ఉంది. బొటనవేలి గోరంత. గోధుమరంగు, చుట్టూ బూడిద అంచు. అద్దంలాంటి చదును మధ్యలో అది గుడ్డి కన్నులా ఉంది.

నేను జేబురుమాలు విప్పాను. డ్రిల్ బిట్ చూపించి మొత్తం చెప్పాను. నిమ్మకాయలు, పటిక, నిన్న రాత్రి పరీక్ష. నా మైక్రోమీటరుకి పెట్టె మీద పెట్టిన సంగతీ, మా ఇంట్లో బిడ్డ ఉంటుందని సంతోషపడిన సంగతీ కూడా దాచలేదు. “కావాలని చేశానో లేదో నాకే తెలియడం లేదు బావగారూ,” అన్నాను.

ఆయన డ్రిల్ బిట్‌నీ పిస్తోలునీ పక్కపక్కన పెట్టి చూశారు.

“ఉక్కుకి నూనె, చెక్కకి బొట్టు,” అన్నారు. “మా నాన్న ఏటా చెప్పే మాట. రైఫిలు మడమ చెక్క మీదే పెట్టేవారు, ఉక్కు మీద వేలు ఆననిచ్చేవారు కారు. ఇది నాకు ఆరేళ్ళప్పటి నుంచి తెలుసు.”

నేను ఆయన ముఖంలోకి చూశాను.

“నూనె తుడిచింది పూజ కోసమే. అది నిజం. కానీ మీ వేలు ఉక్కు మీదికి వెళ్తుంటే చూశాను. ఆగండి అనాలి. అనలేదు. మచ్చ పడితే వాడు వద్దంటాడు, వాడు వద్దంటే తగ్గించి ఇవ్వనని ముందే అనేశాను కదా, ఇంక ఇది నా దగ్గరే ఉండిపోతుంది. తప్పు మీ మీదికి పోతుంది. అర సెకండులో అంతా ఆలోచించాను బావగారూ. రాత్రి మీరు ఫోను చేసినప్పుడు కూడా ఇంకా అదే ఆశ.”

వంటింట్లో కుక్కరు కూతపెట్టింది. చెల్లెమ్మ మేడ మీద కర్టెన్ల గురించి ఏదో అడిగింది. ఆయన నా వైపు తిరిగారు.

“మీ డైరీ ఎక్కడుంది?”

“కారులో.”

“తెచ్చి రాయండి. నేను అన్నది అన్నట్టు. రాయకపోతే పదింటికి మళ్ళీ మనసు మార్చుకుంటాను. నన్ను నేను ఎరుగుదును.”

తెచ్చి, ఆయన ముందే, భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశాను. ఖాళీగా ఉంచిన గడిలో ఇద్దరి పేర్లూ రాశాను. ఆయన చదివి తలూపారు. తర్వాత చెల్లెమ్మని పిలిచి, ఆవిడకీ చెప్పారు. ఆవిడ పిస్తోలు వైపు చూడలేదు. ఆయన వైపే చూస్తూ నిలబడింది.

పదికి పది నిమిషాలుండగా డెంటిస్టు వచ్చాడు. తెల్ల గడ్డం, మర్యాదస్తుడు. గుమ్మంలో బూట్లు విప్పమని ఎవరూ చెప్పకుండానే విప్పాడు. పెట్టె తెరవక ముందే వియ్యంకుడుగారు ఇంగ్లీషులో చెప్పేశారు, నిన్న పూజలో మచ్చ పడింది, తప్పు మాదేనని. డెంటిస్టు కంటికి భూతద్దం బిగించుకుని, కిటికీ దగ్గర నిలబడి, చాలాసేపు చూశాడు. మళ్ళీ పొర పట్టించవచ్చు గానీ, అప్పుడది ఆ ముసలాయన చేతి పొర కాదన్నాడు. చెప్పడానికి అతనికే బాధగా ఉన్నట్టుంది. పదమూడు వేలు, అంతకు మించి ఇవ్వలేనన్నాడు.

పెట్టిన దానికి ఐదు వేలు తక్కువ. వియ్యంకుడుగారు పిస్తోలుని పట్టుగుడ్డ మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. తెలియకుండానే కట్టుకున్నారనుకుంటాను. ఎంతసేపు అలా నిలబడ్డారో గడియారం చూడలేదు. జీవితంలో మొదటిసారి టైము రాసుకోలేదు.

“ఇన్‌స్పెక్టరుగారూ,” అన్నారు తెలుగులో, నా వైపు తిరగకుండా. “పాసా, రిజెక్టా?”

“మా దగ్గర ఇంకో ముద్ర ఉండేది,” అన్నాను. “లోపం రాసి పెట్టి, అలాగే తీసుకోవడం. దానికి నా సంతకం చెల్లదు. వాడుకునే వాళ్ళు పెట్టాలి.”

ఆయన వంటింటి గుమ్మంలో ఉన్న చెల్లెమ్మ వైపు చూశారు. తర్వాత డెంటిస్టుకి చెయ్యి చాపారు.

ఇద్దరూ చట్టప్రకారం లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ కాగితాలయ్యాక కొన్నాళ్ళకు గానీ అది కొన్నవాడి చేతికి రాదు. కానీ ఈ ఇంటి నుంచి మాత్రం అప్పుడే వెళ్ళిపోయింది. నేనూ వెంట వెళ్ళాను. డీలరు నంబరు చూసి, పుస్తకంలో ఎక్కించి, లోపల పెట్టుకున్నాడు. “మా నాన్న కూడా ఇలాగే, నంబరు చూసి,” అన్నారు వియ్యంకుడుగారు. తిరిగి వచ్చే దారిలో ధర తగినదా కాదా అని ఆయన అడగలేదు. అడిగితే, నాలుగేళ్ళు ఆగడానికీ ఆ చేతికీ తగినదే అని చెప్పేవాణ్ణి. ముట్టుకోకుండా దాచుకోవడానికి మాత్రం తగదు అనేవాణ్ణి.

ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర. చెల్లెమ్మ మేడ మెట్ల మీద నిలబడి కోడలితో ఫోనులో మాట్లాడుతోంది. “లేదే. వెళ్ళిపోయింది. నిజంగా. మామయ్యగారిని అడుగు.” ఫోను నాకిచ్చింది. అవునమ్మా, నేను చూశాను, అని చెప్పాను. “థాంక్యూ మామయ్యా. నాన్న ఓకేనా?” అంది.

నాన్న అప్పటికే మేడ మీద గదిలో, నిచ్చెన మీద నిలబడి గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెడుతున్నారు.

“బావగారూ, ఆ డ్రిల్ బిట్ ఉందా మీ దగ్గర?”

“ఉంది. కానీ మచ్చ పడింది కదా.”

“మచ్చ పడితే కన్నం పడదా?”

జేబురుమాలు విప్పి ఇచ్చాను. డ్రిల్లుకి బిగించి, కర్టెన్ రాడ్డుకి నాలుగు కన్నాలు వేశారు. కొలిచి చూశాను. ఒకటి కాస్త కిందికి ఉంది. ఏమీ అనలేదు.